షూటింగు వాళ్ళు వదిలిపోయిన దొంగలు

గ్లిజరినక్కకు ఆ పేరు పెట్టింది ఒక అసిస్టెంటు డైరెక్టరు. చావు సీను అనగానే జూనియర్ ఆర్టిస్టులందర్నీ వరసగా కూర్చోబెట్టి కళ్ళ కింద గ్లిజరిన్ రాసుకుంటూ పోయేవాళ్ళు. ఈవిడ దగ్గరికొచ్చేసరికి కళ్ళు అప్పటికే నిండిపోయి, చెంపల మీద ధారలు కట్టి ఉండేవి. "ఈ అక్కకి ఒంట్లోనే గ్లిజరిన్ ఉందిరా" అన్నాడతను. అంతే. ఆ తర్వాత అసలు పేరు అడిగినవాడు లేడు, పిలిచినవాడూ లేడు.

జుట్టు నల్లగా ఉన్నప్పట్నించి నెరిసేదాకా ఆవిడ చేసిన పని ఒక్కటే, జనంలో ఉండడం. బస్సు కోసం పరిగెత్తే జనంలో, కోర్టు బయట గుమిగూడిన జనంలో, హీరో ఎవర్నో చితక్కొడుతుంటే నోరు తెరుచుకుని చూసే జనంలో. ఆ పనికి ఉన్న నియమాలు రెండే. కెమెరా వైపు చూడకూడదు. మొహం ఎవరికీ గుర్తుండకూడదు. మొదటి సీనులో కూరగాయలు బేరమాడిన మనిషి పదో సీనులో ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే, చూసేవాడికి అనుమానం రాకూడదు. "హీరోయినుకి అందం కావాలి, విలనుకి గొంతు కావాలి. మనకేం కావాలంటే, చూసినవాడు చూసినట్టే మర్చిపోవాలి" అని కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు చెప్పేది. అందులో ఆవిడను మించినవాళ్ళు లేరు. షూటింగులకు మనుషుల్ని పంపే ఏజెంటు కూడా అప్పుడప్పుడూ ఎదురుపడి "ఎవరమ్మా నువ్వు?" అనేవాడు.

ఆవిడ మొహాన్ని తెర మీద వెతికి పట్టుకునేది ప్రపంచంలో ఒక్క మనిషి, చెల్లెలు. చెల్లెలు ఒకప్పుడు సినిమా హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపేది. బొమ్మ మొదలయ్యాక వెనక గోడకు ఆనుకుని నిలబడి, అక్క ఎక్కడుందా అని కళ్ళు చికిలించుకుని చూసేది. ఇంటికొచ్చి నివేదిక ఇచ్చేది.

"ఇవాళ నీ మోచెయ్యి కనపడిందే అక్కా. బాగా నటించింది."

"మొహం?"

"మొహం ముందు ఒక లావుపాటాయన నిలబడ్డాడు. ఆయన మెడ కూడా పర్వాలేదు."

గ్లిజరినక్క మొగుడు ఎప్పుడో వేరే ఊరి షూటింగుకని వెళ్ళి, అక్కడే ఇంకో సంసారంలో సెటిలయిపోయాడు. చెల్లెలు పెళ్ళి మాటెత్తితే కరిచేది. అలా ఇద్దరూ ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ బతుకు లాక్కొచ్చారు. మంచినీళ్ళు తాగినంత మామూలుగా పోట్లాడుకునేవాళ్ళు. చెల్లెలికి కిడ్నీలు దెబ్బతిన్నాక మంచినీళ్ళు కూడా మామూలు విషయం కాకుండా పోయాయి. రోజుకు ఇంతే తాగాలని డాక్టరు కొలత పెట్టాడు. వారానికి మూడుసార్లు ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్. తెల్లవారగానే వెళ్ళాలి, వంతు తప్పకూడదు. పక్కన తోడు మనిషి లేకపోతే మిషను ఎక్కించరు. ఆలస్యమైతే బెడ్డు వరండాలో కాచుకుని కూర్చున్న ఇంకొకరికి పోతుంది. ఎవర్నీ అనడానికి లేదు, వాళ్ళదీ ప్రాణమే.

చెల్లెలి భుజం కింద చెయ్యి వేసి నడిపించే ఆ తోడు మనిషి గ్లిజరినక్క తప్ప ఇంకెవరూ లేరు. కథంతా ఇక్కడే ఉంది కాబట్టి ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఆసుపత్రిలో రోగుల ఫోన్లు, పర్సులు పోతున్నాయని పోలీసులు గేటు దగ్గర కొత్త కెమెరాలు పెట్టారు. మామూలు కెమెరాలు కావు. లోపలికొచ్చే ప్రతి మొహాన్నీ చూసి, పోలీసుల దగ్గరున్న పాత నేరస్థుల ఫోటోలతో సరిపోల్చుకునేవి. పోలిక దొరికితే కానిస్టేబుల్ చేతిలో ఉన్న ట్యాబు కూసేది. అవి మొదలైన వారంలోనే గ్లిజరినక్క చెల్లెల్ని నడిపించుకుంటూ గేటు దాటబోతే ట్యాబు కూసింది.

"అమ్మా, మీరు ఇటు రండి. ఆవిడ అక్కడే కూర్చోవాలి."

"ఆవిడ కూర్చోలేదు బాబూ, డయాలసిస్ ఉంది."

"వెరిఫికేషన్ అయిపోతే పంపించేస్తాం."

ఆ వెరిఫికేషను ఏమిటో అతనికీ తెలియదు. ఎవరికో ఫోన్ చేశాడు, వాళ్ళు ఇంకెవరికో చేశారు. చివరికి ఎవరో "సరే పంపించు" అన్నారు. ఆ రోజు వంతు వెంట్రుకవాసిలో దక్కింది. తర్వాతిసారి కూడా ఇదే తంతు. ఆ పై వారం మళ్ళీ కూసింది. ఈసారి కానిస్టేబుల్ మారాడు. ఈయన నిక్కచ్చి మనిషి. చెల్లెల్ని డయాలసిస్ గది దాకా తనే దింపి, నర్సును బతిమాలి మిషను ఎక్కించి, గ్లిజరినక్కను మాత్రం స్టేషనుకు తీసుకెళ్ళాడు. సినిమాల్లో ఎన్నిసార్లు పోలీసు జీపెక్కిందో లెక్కలేదు. కానీ అక్కడ ఎవడో ఒకడు "కట్" అనేవాడు.

ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి. ఆవిడను కూర్చోమని, కంప్యూటరు ఇటు తిప్పాడు.

"ఇది మీరేనా?"

తెర మీద ఫోటో. వెనక ఎత్తు కొలిచే గీతలు గీసిన గోడ, చేతుల్లో నంబరు రాసిన పలక, ఒంటి మీద గళ్ళ చొక్కా, పదిహేనేళ్ళనాటి తన మొహం. గ్లిజరినక్క కాసేపు చూసింది. ముందు పెదవి ఒంకర పోయింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

"ఎందుకమ్మా నవ్వుతారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాస్త నొచ్చుకుని.

"ఆ చొక్కా నాది కాదు సార్. కాస్ట్యూమ్స్ వాళ్ళది. ప్యాకప్ అనగానే విప్పించుకున్నారు, పిన్నీసుతో సహా."

అప్పుడు చెప్పింది. ఈ స్టేషనులోనే, పాత భవనంలో, ఒక సినిమా షూటింగు జరిగింది. సెలవు రోజుల్లో అద్దెకిచ్చారు. హీరో స్టేషనులోకి అడుగుపెట్టే సీనులో వెనక గోడ మరీ బోసిగా ఉందని డైరెక్టరు గోల పెట్టాడు. ఆర్టు డిపార్టుమెంటు కుర్రాడొకడు భోజనాల దగ్గరికొచ్చి, చెయ్యి కడుక్కున్న జూనియర్ ఆర్టిస్టుల్ని కడుక్కున్నట్టే లాక్కెళ్ళి, అట్ట గోడ ముందు నిలబెట్టి ఫోటోలు తీశాడు. "నవ్వకండి, నవ్వితే దొంగల్లా ఉండరు" అన్నాడు. పెన్సిలు నములుతూ తలా ఒక పేరు, తలా ఒక నేరం రాసి, పైన 'పాత నేరస్థులు' అని పెద్దక్షరాలు పెట్టి బోర్డు తయారుచేశాడు. మర్నాడు యూనిట్టు ఇంకో ఊరెళ్ళిపోయింది. బోర్డు గోడ మీదే ఉండిపోయింది. అప్పటి ఇన్‌స్పెక్టరుకు అది బాగానే అనిపించినట్టుంది. ఖాళీ గోడ కంటే నయం, స్టేషను స్టేషనులా ఉంది అనుకుని ఉంటాడు.

తర్వాతి కథ ఇన్‌స్పెక్టరే పూర్తిచేశాడు. మొహాలు పోల్చే మిషను వచ్చినప్పుడు ఫోటోలు ఎక్కించే పని ఒక ప్రైవేటు కంపెనీకిచ్చారు. ఎన్ని ఫోటోలు ఎక్కిస్తే అంత బిల్లు. వాళ్ళ మనుషులు బీరువాలు, గోడలు ఏవీ వదల్లేదు. బోర్డును కూడా మొహం మొహంగా తీసి లోపల పడేశారు.

"మీ బొమ్మ కింద ఏముందో తెలుసా?" అని చదివాడు ఇన్‌స్పెక్టరు. "గొలుసు దొంగతనాలు. మారువేషాల్లో దిట్ట. అమాయకురాలిలా కనిపిస్తుంది."

"అమాయకురాలిలా కనిపిస్తుందని కూడా రాశాడా?"

"అందుకే మావాళ్ళు వదల్లేదు. మీరెంత అమాయకంగా మాట్లాడితే అంత సరిపోయింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇన్‌స్పెక్టరు టీ తెప్పించాడు. మంచివాడు, ఆ మాట చెప్పుకోవాలి. టీ తాగుతూ ఆవిడ అడిగింది, "మరి తీసేయండి సార్ ఆ బొమ్మ."

అక్కడ నవ్వు ఆగిపోయింది.

"తీసెయ్యడానికి పద్ధతి లేదమ్మా."

"అంటే?"

"పెట్టడానికి పద్ధతుంది. తీసెయ్యాలంటే కోర్టు మీ మీదున్న కేసు కొట్టెయ్యాలి. మీ మీద కేసే లేదు. లేని కేసు ఏ కోర్టు కొట్టేస్తుంది?"

"దొంగతనం చేసుంటే సులువుగా ఉండేదన్నమాట."

ఇన్‌స్పెక్టరు టీ కప్పులోకి చూశాడు. "ఒక రకంగా అంతే."

ఇది ఒక్క స్టేషను చేతగానితనం అనుకుంటే పొరపాటు. ఎవరి మీద నిఘా పెట్టాలి, ఎవరి బొమ్మ ఎందుకు లోపలికెళ్ళాలి, ఎన్నాళ్ళుండాలి, తప్పని తేలితే ఎవరు తియ్యాలి, ఇవేవీ తేలకముందే కెమెరాలు బిగించేశారు. రోడ్డు పక్కన తోపుడుబండి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి. కుక్కను పెంచుకోవాలన్నా కాయితం కావాలి. ఊళ్ళో ప్రతి మనిషి మొహాన్నీ రోజూ కొలిచే యంత్రానికి మాత్రం టెండరు ఒక్కటే సరిపోయింది. దొంగను పట్టుకోవద్దని ఎవరూ అనరు. కానీ దొంగ కానివాడు ఎక్కడికెళ్ళి మొర పెట్టుకోవాలో చెప్పని యంత్రాన్ని నెత్తిన పెట్టుకుంటే, దాని బరువు మోసేది ఎప్పుడూ ఆసుపత్రికి నడిచొచ్చేవాళ్ళే. కారు అద్దాలెత్తుకుని లోపలికెళ్ళేవాళ్ళ మొహం ఆ కెమెరా ఎప్పుడూ చూడలేదు.

డయాలసిస్ గదిలో పరిచయమైన ఒకామె లాయరమ్మ నంబరిచ్చింది. లాయరమ్మది ఇరుకు ఆఫీసు, కుర్చీల మీద కూడా ఫైళ్ళే. అవి కింద పెట్టి కూర్చోబెట్టి అంతా విన్నది. ఈ కెమెరాలను పోలీసులు ఎలా వాడాలో నిబంధనలు రాయడానికి ప్రభుత్వం ఒక రిటైర్డు జడ్జి గారితో కమిటీ వేసిందని, బహిరంగ విచారణ ఉందని చెప్పింది.

"అక్కడికొచ్చి మీరు చెప్పాలమ్మా. ఇలాంటిది కళ్ళారా చూస్తే గానీ నమ్మరు. బోర్డు మీద ఇంకా ఎవరున్నారు?"

గ్లిజరినక్క తలచుకుంది. కొందరు పోయారు. కొందరు ఊళ్ళు మారారు. తెలిసినవాడు మీసాలాయన. తెర మీద ముఠా నాయకుడి వెనక నిలబడే రెండోవాడు ఎప్పుడూ అతనే. వయసు మళ్ళాక అపార్టుమెంటు వాచ్‌మన్‌గా చేరాడు. ఆవిడ వెతుక్కుంటూ వెళ్తే తలుపు తీసిన మనిషికి మీసాలు లేవు.

"తీసేశావేంటన్నా?"

"మిషను పట్టుకుంటోందని తీసేశాను చెల్లెమ్మా. అయినా మిషను గుర్తుపట్టింది. మా ఆవిడే పట్టలేదు."

నవ్వించాడు గానీ తను నవ్వలేదు. బజారులో ఒకసారి, బస్టాండులో ఒకసారి ఆపారు. రెండోసారి అపార్టుమెంటు వాళ్ళెవరో చూశారు. "పెద్దమనుషులు కదా, పల్లెత్తు మాటనలేదు. రేపట్నించి రావద్దన్నారు, అంతే." కమిటీకి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. "నువ్వు వెళ్ళు. నీకు మాటుంది. నేనొస్తే వీడు దొంగే అనుకుంటారు. నా మొహం అట్లాంటిది. దాంతోనే కదా ఇన్నాళ్ళూ బతికాను."

విచారణ ఇంకో రెండు వారాలుందనగా ఇన్‌స్పెక్టరు కబురు పంపాడు. తలుపు దగ్గరకేసి కూర్చోబెట్టాడు.

"అమ్మా, కంట్రోల్ రూములో నాకు తెలిసినవాడున్నాడు. ఒక్క మాట చెప్తే మీ బొమ్మ పోతుంది. మీరు ఆ కమిటీ ముందుకు వెళ్ళకపోతే చాలు. పత్రికల్లో షూటింగు బోర్డు సంగతి వచ్చిందంటే పైవాళ్ళు నన్ను నమిలి మింగేస్తారు. నేను పెట్టిన బోర్డు కాదు, మీకు తెలుసు."

"తెలుసు సార్. మిగిలినవాళ్ళవి?"

"వాళ్ళెవరూ నా దగ్గరికి రాలేదు కదమ్మా."

ఇంటికెళ్ళి చెల్లెలితో చెప్పింది. చెల్లెలు మంచం మీద పడుకుని మంచుముక్క చప్పరిస్తోంది. దాహం తీర్చుకోవడానికి ఆవిడకున్న దారి అదే.

"ఇందులో ఆలోచించడానికేముందే? తీయించుకో."

"మీసాలాయనది ఉంటుందే."

"ఆయనకు కిడ్నీలున్నాయి."

ఆ రాత్రంతా ఆవిడ అటూ ఇటూ దొర్లిందని రాయొచ్చు గానీ అబద్ధం. పొద్దుటి నుంచి తిరిగి అలిసిపోయింది, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. లేచేసరికి మాత్రం మనసులో ఒక మాట కూర్చుని ఉంది, ఎక్కణ్ణించొచ్చిందో తెలియదు. ఫోన్ చేసి ఇన్‌స్పెక్టరుకు అదే చెప్పింది.

"ఒక్క మాటతో పోయేది ఇంకో మాటతో తిరిగొస్తుంది కదా సార్. రేపు మీకు నా మీద కోపమొస్తే?"

"నాకెందుకొస్తుందమ్మా కోపం?"

"రాదు సార్. మీకు రాదు. మీ తర్వాత వచ్చేవాళ్ళ సంగతి మీరెలా చెప్తారు?"

"మీ ఇష్టం" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

ఇంతవరకూ చదివినవాళ్ళు గ్లిజరినక్కను మెచ్చుకోవచ్చు. ఆవిడ మాత్రం మూడు రోజుల్లో తనను తాను తిట్టుకుంది. గేటు దగ్గర ట్యాబు కూసింది. కానిస్టేబుల్ కొత్తవాడు, ఫోన్ ఎత్తేవాడు అవతల లేడు. చెల్లెలు గేటు గట్టు మీద కూర్చుని ఎగశ్వాస తీస్తుంటే ఈవిడ కానిస్టేబుల్ గడ్డం పట్టుకున్నంత పని చేసింది. వదిలేసరికి బెడ్డు పోయింది. మర్నాడు చూద్దామన్నారు. మర్నాడు కాళ్ళు పొంగాయి, మొహం ఉబ్బింది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఎమర్జెన్సీలో పడేశారు. మూతి మీద ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకు లాక్కుని చెల్లెలు అంది:

"నీ న్యాయమంతా నా ఛాతీలో చేరిందే అక్కా."

గ్లిజరినక్కకు ఏడుపు రాలేదు. డైరెక్టరు చెప్తే వచ్చే కన్నీళ్ళు అప్పుడు ఒక్క చుక్క రాలేదు. చెల్లెలికి కాస్త నెమ్మదించాక, నర్సుకు చెప్పి, తిన్నగా స్టేషనుకు వెళ్ళింది. లాయరమ్మకు చెప్పలేదు, మీసాలాయనకు చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు చెప్పినచోట సంతకం పెట్టి, ఆ కమిటీ గుమ్మం తొక్కనని ఒట్టేసి, బొమ్మ తీయించుకుని రావాలనుకుంది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది.

కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు.

"ఆయన బదిలీ అయిపోయారు. ఏం పని?"

ఆవిడ చెప్పింది. బోర్డు, షూటింగు, కంట్రోల్ రూము, ఒక్క మాట. కొత్త ఇన్‌స్పెక్టరు ఓపిగ్గానే విన్నాడు. తర్వాత కంప్యూటరులో చూశాడు.

"ఇందులో మీరు మారువేషాల్లో దిట్ట అని ఉంది."

"అది షూటింగు కోసం రాసింది సార్."

"అలాగని ఎక్కడైనా రాతపూర్వకంగా ఉందా?"

లేదు. పాత ఇన్‌స్పెక్టరు మంచితనం ఆయనతో పాటే వేరే ఊరికెళ్ళిపోయింది. కంట్రోల్ రూములో ఆయనకు తెలిసినవాడు కొత్తాయనకు తెలియదు. గ్లిజరినక్క స్టేషను మెట్లు దిగి, చివరి మెట్టు మీద కూర్చుండిపోయింది. తను పెద్ద మాటలు మాట్లాడి కాదన్న దానం, ఇవాళ కొంగు చాచినా దొరకడం లేదు. ఒకవేళ ఆనాడే తీసుకుని ఉంటే? చెల్లెలికి ఈ గండం తప్పేది. ఆ మాట నిజం. దాన్ని ఏ వాదనతోనూ ఆవిడ కడుక్కోలేదు.

విచారణ రోజున లాయరమ్మ పక్కన కూర్చుంది. పెద్ద హాలు, వేదిక మీద జడ్జి గారు, ఆయనకు అటూ ఇటూ సభ్యులు. ముందుగా ఒక పోలీసు అధికారి తెర మీద బొమ్మలు వేసి వివరించాడు. పట్టుబడిన దొంగల గురించి, తప్పిపోయి దొరికిన పిల్లల గురించి చెప్పాడు. అవి అబద్ధాలు కావు. హాల్లో కొందరు తలలూపారు, గ్లిజరినక్క కూడా ఊపింది. పొరపాట్లు నూటికి ఒకటో అరో ఉంటాయని, అంతకంటే లేవని ముగించాడు.

తర్వాత ఈవిడను పిలిచారు. లాయరమ్మ చెవిలో చెప్పింది, "కళ్ళనీళ్ళొస్తే ఆపుకోకండమ్మా, పర్వాలేదు." గ్లిజరినక్క ఆవిడ వైపు వింతగా చూసింది. "అవి పనికి సంబంధించినవి లాయరమ్మా, ఇక్కడ వద్దు" అంది.

మైకు ముందు నిలబడింది. ఎదురుగా టీవీ వాళ్ళ కెమెరాలు. అన్నేళ్ళ అలవాటు కదా, తల దానంతటదే పక్కకు తిరిగిపోయింది. గోడకేసి మాట్లాడడం మొదలుపెట్టింది.

"ఇటు చూసి చెప్పండమ్మా" అన్నారు జడ్జి గారు.

"క్షమించండయ్యా. కెమెరా వైపు చూస్తే కూలి కోస్తారు మాకు."

హాలు నవ్వింది. ఆ నవ్వులో ఆవిడకు కాస్త ధైర్యమొచ్చింది. బోర్డు సంగతి చెప్పింది, మళ్ళీ నవ్వారు. మీసాలాయన ఉద్యోగం సంగతి చెప్పింది, నవ్వు తగ్గింది. చెల్లెలి సంగతి చెప్పింది, అప్పుడు ఎవరూ నవ్వలేదు. అక్కడితో ఆపెయ్యమని లాయరమ్మ కళ్ళతో సైగ చేసింది. ఈవిడ ఆగలేదు.

"ఇంకో మాటుందయ్యా. వాళ్ళు చాటుగా తీసేస్తామంటే నేను వద్దన్నాను. అది విన్నవాళ్ళు నన్ను గొప్పదాన్నంటున్నారు. కాదు. చెల్లెలికి ప్రాణం మీదికొచ్చాక నేనే వెళ్ళాను, తియ్యండి బాబూ, మీరు చెప్పినట్టే వింటానని. ఆ మంచాయన కుర్చీలో లేడు. ఉంటే ఇవాళ మీ ముందు ఇలా నిలబడేదాన్ని కాదు."

లాయరమ్మ తల దించుకుంది. హాల్లో గుసగుసలు పుట్టాయి.

"ఎందుకు చెప్తున్నానంటే, ఒక మంచాయన ఉన్నన్నాళ్ళూ నేను మంచిదాన్ని, ఆయన వెళ్ళిపోగానే దొంగనయిపోయాను. మధ్యలో నేను చేసిందేమీ లేదు. నా మొహం నాదే కదా. అది ఎవరి దయాదాక్షిణ్యాల మీదో ఎందుకుండాలి?"

"మీరేం కోరుతున్నారు?" అడిగారు జడ్జి గారు.

"ఆపొద్దని అననయ్యా. అనుమానమొస్తే ఆపండి. కానీ ఆపిన మనిషి, తను ఎందుకు ఆపాడో రాసి, కింద తన పేరు పెట్టి ఆ కాయితం నా చేతికివ్వాలి. మిషను కూసింది అంటే కుదరదు. మిషనుతో నేను పోట్లాడలేను. తప్పయితే ఎక్కడికెళ్ళి చెప్పుకోవాలో కూడా అందులో ఉండాలి."

పోలీసు అధికారి లేచాడు. రోజుకు ఎన్నో కూతలొస్తాయని, ఒక్కొక్కదానికీ కాయితం రాస్తూ కూర్చుంటే కానిస్టేబుల్స్ ఇంకే పనీ చెయ్యలేరని అన్నాడు.

"ఇంతకు ముందు నూటికి ఒకటో అరో అన్నారు కదా" అన్నారు జడ్జి గారు కళ్ళజోడు సర్దుకుంటూ. "అయితే రోజుకు అంతమంది దొంగలు దొరుకుతున్నారా?"

అధికారి కూర్చున్నాడు. జవాబు తర్వాత సమర్పిస్తామన్నాడు.

పూర్తి నిబంధనలు రావడానికి చాలా కాలం పడుతుందని అందరికీ తెలుసు. కమిటీ అన్నది అలాగే నడుస్తుంది. కానీ జడ్జి గారు ఈలోగా పాటించమని ఒక సిఫారసు పంపారు, ప్రభుత్వం దాన్ని ఉత్తర్వుగా ఇచ్చింది. ఆపిన ప్రతి మనిషికీ చీటీ ఇవ్వాలి. అందులో ఆపిన అధికారి పేరు, అతనికి స్వయంగా కలిగిన అనుమానానికి కారణం ఉండాలి. యంత్రం చూపిన పోలిక ఒక్కటే కారణంగా చెల్లదు.

ఆ ఉత్తర్వు వచ్చాక మొదటి డయాలసిస్ రోజున గేటు దగ్గర ఆ నిక్కచ్చి కానిస్టేబులే ఉన్నాడు. చేతిలో ట్యాబుతో పాటు చీటీల పుస్తకం. అక్కాచెల్లెళ్ళు దగ్గరికి రాగానే ట్యాబు కూసింది.

అతను ఇద్దర్నీ చూసి నిట్టూర్చాడు. పెన్ను మూత తీశాడు. పేరు రాసే చోట తన పేరు రాశాడు. 'అనుమానానికి కారణం' అన్న చోట పెన్ను ఆగింది. ట్యాబు వైపు చూశాడు. గ్లిజరినక్క వైపు చూశాడు. చెల్లెలి ఉబ్బిన పాదాల వైపు, చేతిలోని ఆసుపత్రి సంచీ వైపు చూశాడు. ఏదో రాయబోయి మళ్ళీ ఆగాడు.

"ఏం రాయమంటారమ్మా?" అన్నాడు చివరికి.

"నన్నడుగుతావేం బాబూ? అనుమానం నీది."

"నాకేం లేదు."

"మరి లేనిదాని కింద పేరెందుకు పెట్టావు?" అంది చెల్లెలు, ఆయాసపడుతూనే. "త్వరగా తేల్చు నాయనా, అక్కడ నా బెడ్డు ఎవరో ఎక్కేస్తారు."

కానిస్టేబుల్ చీటీ మీద అడ్డంగా గీత కొట్టి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. దారి వదిలాడు. వెనక వస్తున్న ఇంకెవరికో ట్యాబు కూసింది. అతను ఈసారి ముందు మనిషిని చూశాడు, తర్వాత ట్యాబు చూశాడు.

వంతు దక్కింది. మిషను తిరగడం మొదలయ్యాక చెల్లెలు కళ్ళు మూసుకుంది. అలక పూర్తిగా తీరలేదు, ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. పక్క స్టూలు మీద కూర్చుని గ్లిజరినక్క లాయరమ్మ పంపిన ముసాయిదా నిబంధనలు ఫోన్‌లో పెద్దక్షరాలు చేసుకుని చదువుతోంది. పెట్టడం గురించి పేజీలకు పేజీలున్నాయి. తీసెయ్యడం గురించి ఒక్క వాక్యం. ఫోటోను తొలగించే అధికారం ఎవరిది అన్న చోట 'చర్చలో ఉంది' అని వదిలేశారు. ఆవిడ బొమ్మ, మీసాలాయన బొమ్మ, పోయినవాళ్ళ బొమ్మలు అన్నీ ఇంకా లోపలే ఉన్నాయి.

లాయరమ్మకు ఫోన్ చేసింది.

"తర్వాతి విచారణ ఎప్పుడు?"

"మళ్ళీ వస్తారా అమ్మా?" లాయరమ్మ గొంతు నమ్మలేనట్టుంది. ఆనాటి మాటల తర్వాత ఈవిడ వస్తుందని అనుకోలేదేమో.

"వస్తాను. కానీ సోమ, బుధ, శుక్రవారాలు వద్దనండి. ఆ రోజుల్లో మాకు డయాలసిస్."

"జడ్జి గారికి ఆ మాట చెప్పమంటారా?"

"చెప్పండి. దానికి మాత్రం పద్ధతి ఉండే ఉంటుంది."